పాత పికప్ వాహనాల ధరల పెరుగుదల

ముందు భాగంలో డ్రైవరు గది, వెనుక భాగంలో పైకప్పు లేని సరకుల తొట్టి గల తేలికపాటి మోటారు వాహనాన్ని పికప్ అంటారు. హైదరాబాదులో దీనిని ట్రాలీ అని కూడా పిలవడం కద్దు. సాధారణంగా సరకు వాహనం వయసు పెరిగిన కొద్దీ దాని ధర తగ్గుతూ, చివరకు పాత ఇనుము తూకానికి చేరుకొంటుంది. కానీ చెక్కుచెదరకుండా మిగిలిన కొద్దిపాటి పాత పికప్‌లు, వాటికి మాతృక అయిన పాత జీపులు కొన్నేళ్ళుగా ఈ నియమానికి ఎదురు నడుస్తున్నవి. మంచి స్థితిలో ఉన్న వాహనానికి అడిగే ధర పెరుగుతున్నది. పాడైన దాని ధర పడిపోతున్నది. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో సరకు రవాణాపై బ్రతికే కుటుంబాలకు, పాత వాహనాల వ్యాపారులకు, మెకానిక్కులకు ఈ పరిణామంతో నేరుగా సంబంధమున్నది.

ప్రాంతపు నేపథ్యం

ఎల్.బి.నగర్ పూర్తి పేరు లాల్ బహదూర్ నగర్. ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘంగా ఉన్న ఈ ప్రాంతం, పొరుగునున్న గడ్డిఅన్నారం పురపాలక సంఘంతో పాటు 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాదులో విలీనమైనది. సూర్యాపేట మీదుగా విజయవాడకు పోయే జాతీయ రహదారి, నాగార్జున సాగర్‌కు పోయే రహదారి ఈ ప్రాంతం నుండే నగరాన్ని దాటుతాయి. అందువలన పల్లెల నుండి వచ్చే కూరగాయలు, పండ్లు, పాలు, గృహనిర్మాణ సామగ్రి మోసే చిన్న వాహనాలకు ఇది ముఖద్వారం వంటిది.

కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 1986 నుండి దాదాపు మూడున్నర దశాబ్దాలు ఇక్కడ నడిచినది. వేసవిలో మామిడికాయల రాక మొదలైతే పికప్‌లు, ట్రాలీ ఆటోలు ఈ రోడ్డుపై బారులు తీరేవి. 2021-22లో మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయినది. విజయవాడ రహదారిపై వనస్థలిపురం వద్దనున్న ఆటోనగర్‌లో మరమ్మతు షెడ్లు, బాడీ కట్టే పనివారు ఉన్నారు. కోఠి దాపునున్న పుత్లీబౌలి, సికింద్రాబాదులోని రాణీగంజ్ విడిభాగాలకు పేరుపొందినవి. పాత వాహనం బ్రతకడానికి కావలసిన మెకానిక్కు, విడిభాగం, రోడ్డు, ఈ మూడూ ఈ ప్రాంతానికి అందుబాటులో కలవు.

భారతదేశంలో పికప్‌ల చరిత్ర

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో ప్రీమియర్ ఆటోమొబైల్స్, హిందుస్థాన్ మోటార్స్ వంటి సంస్థలు విదేశీ భాగాలతో వాహనాలను కూర్చేవి. మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపులను కూర్చడం ప్రారంభించి, తరువాత వాటిని దేశంలోనే తయారు చేసినది. ఇదే కుటుంబానికి చెందిన ఎఫ్‌సీ-150, ఎఫ్‌సీ-160 వాహనాలలో డ్రైవరు ఇంజనుకు దాదాపు పైన కూర్చునేవాడు; అందువలన తక్కువ పొడవులోనే పెద్ద తొట్టి అమరేది. బజాజ్ టెంపో వారి మాటడార్ కూడా చాలాకాలం సరకుల వాహనంగా పట్టణాలలో తిరిగినది.

1980లలో జపాను సంస్థల సహకారంతో నాలుగు తేలికపాటి వాణిజ్య వాహనాలు దేశంలో తయారైనవి. అవి డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్డా, ఆల్విన్ నిస్సాన్. వీటిలో ఆల్విన్ నిస్సాన్ తెలుగునాట పుట్టినది. హైదరాబాదుకు చెందిన ఆల్విన్ సంస్థ అప్పటి మెదక్ జిల్లాలోని జహీరాబాదులో దీని కర్మాగారాన్ని నెలకొల్పినది. తరువాత అది మహీంద్రా చేతికి వచ్చినది.

టాటా సంస్థ 1986లో 407ను, 1988లో టాటామొబైల్ 206 అనే పికప్‌ను విడుదల చేసినది. టాటామొబైల్ పునాదిపైనే తరువాత సియెర్రా, ఎస్టేట్, సుమో వాహనాలు వచ్చినవి. 2005లో వచ్చిన టాటా ఏస్ చిన్న సరకు రవాణాను పూర్తిగా మార్చివేసినది. ఛోటా హాథీ అని జనం పిలిచే ఆ వాహనం వచ్చాక పాత పికప్‌ల అవసరం తగ్గి, చాలావాటిని యజమానులు తుక్కుకు అమ్ముకొన్నారు. ఈనాటి కొరతకు అదొక మూలం.

ధరలు పెరగడానికి కారణాలు

మొదటి కారణం కొరత. కారును శుభ్రంగా చూసుకొనేవారుంటారు, పెళ్ళిళ్ళకు మాత్రమే బయటికి తీసేవారూ ఉంటారు. పికప్‌ను అలా ఎవరూ చూడరు. ఇటుకలు, ఇసుక, ఉల్లిగడ్డ సంచులు వేసి, మోయగలిగిన దానికి మించి మోయించి, వానలో రోడ్డు పక్కన నిలుపుతారు. తొట్టి అడుగు తుప్పు పడుతుంది, ఛాసిస్ వంగుతుంది. కనుక ఒక నమూనా ఎన్ని వేలు తయారైననూ ముప్పై ఏళ్ళ తరువాత మంచి స్థితిలో మిగిలేవి అతి స్వల్పం. ధర పెరిగినంత మాత్రాన ఇక వాటి సంఖ్యను పెంచడం సాధ్యం కాదు. అర్థశాస్త్రంలో దీనిని సప్లయికి వ్యాకోచత్వం లేకపోవడం అంటారు.

రెండవ కారణం సులభమైన నిర్మాణం. 2017 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4, 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చిన తరువాత కొత్త డీజిల్ వాహనాలలో ఎలక్ట్రానిక్ పరికరాలు పెరిగినవి. మహీంద్రా ఎంఎం-540 జీపులోని ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 వంటి పాత డీజిల్ ఇంజనును కంప్యూటరు లేకుండానే విప్పి బిగించవచ్చు. ఈ సౌలభ్యాన్ని కోరేవారు నేటికీ ఉన్నారు.

మూడవది అభిరుచి. పికప్ అంటే కూలి బండి అన్న అభిప్రాయం మారినది. ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారం నుండి వచ్చిన వి-క్రాస్, 2022లో వచ్చిన టొయోటా హైలక్స్ వంటివి పికప్‌ను సొంత అవసరానికి కొనే వాహనంగా పరిచయం చేసినవి. అమెరికాలో ఈ మార్పు చాలా ముందే జరిగినది. 1948లో మొదలైన ఫోర్డ్ ఎఫ్ శ్రేణి, ఆ కాలపు షెవర్లే పికప్‌లు అక్కడ ఒకప్పుడు రైతుల బండ్లు. నేడు సేకరణకారులు పోటీపడి కొనే వస్తువులు. పాత కాలపు కథలతో వచ్చే సినిమాలకు కూడా ఆ కాలపు వాహనాలు కావలసి వస్తున్నవి. విజయవాడ రహదారిపైనే రామోజీ ఫిల్మ్ సిటీ ఉండటం ఈ ప్రాంతపు యజమానులకు ఒక అవకాశం.

నాలుగవది స్థలాభావం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీలలో ఖాళీ జాగాలు అపార్ట్‌మెంట్లుగా మారినవి. ముప్పై ఏళ్ళ పాటు ఒక వాహనాన్ని నీడన ఉంచడం ఇక్కడ కష్టం. ఇంటి వెనుక కొట్టం ఉన్న పల్లెలలో మాత్రం అది సాధ్యం. చక్కగా నిలిచిన బండి ధరలో నీడకు చెల్లవలసిన అద్దె కూడా కలిసి ఉంటుందన్నమాట.

అసలు, అతుకు

పాత జీపులకు గిరాకీ పెరగగానే వాటిని కొత్తగా కట్టి అమ్మే వ్యాపారం కూడా పెరిగినది. హర్యానాలోని మండీ డబ్వాలీ ఇందుకు పేరుపడినది. సైన్యం వేలంలో అమ్మిన వాహనాల భాగాలను, వేరువేరు బండ్ల ఇంజను, ఛాసిస్, బాడీలను కలిపి ఒక వాహనంగా నిలబెట్టడం కద్దు. రంగు వేసిన తరువాత చూపులకు అది అసలు దానికంటె మెరుగ్గా ఉంటుంది. కానీ మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే స్పష్టం చేసినది. కాబట్టి అతుకుల బండికి పెట్టిన ధర, తనిఖీలో ఛాసిస్ సంఖ్య సరిపోలని రోజున సున్నాకు చేరవచ్చు.

చట్టం దృష్టిలో పాత పికప్

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక నియమాలను ప్రకటించినది. మొదటి నమోదు నుండి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్త నమోదుకు రుసుము రూ. 20,000, పునర్నమోదుకు రూ. 5,000. నమోదు పదేళ్ళ పాటు చెల్లుతుంది. సంఖ్యలో రాష్ట్రపు అక్షరాల తరువాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. అటువంటి వాహనాన్ని ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతు వంటి పనులకే రోడ్డుపైకి తేవాలి.

అయితే ఈ నియమం సొంతానికి వాడే ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల కోసం తయారైన నాలుగు చక్రాల వాహనాలకు మాత్రమే ఉద్దేశించినది. సరకు వాహనాల తరగతి అందులో లేదు. అంటే సొంత వాహనంగా నమోదైన పాత జీపుకు గౌరవప్రదమైన విశ్రాంతి దొరుకుతుంది, అదే ఇంజనుతో అదే కర్మాగారం నుండి వచ్చిన సరకు పికప్‌కు దొరకదు. 1988 నాటి టాటామొబైల్‌కు 2038లో యాభై ఏళ్ళు నిండుతాయి. నియమం మారనిచో అప్పుడు కూడా అది వింటేజ్ వాహనం కాజాలదు.

రుసుములలోనూ ఇదే వ్యత్యాసం కనబడుతుంది. సొంత వాహనం నమోదు పదిహేనేళ్ళు చెల్లి, తరువాత ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించబడుతుంది. 2022 ఏప్రిల్ 1 నుండి కార్ల విషయంలో ఈ రుసుము రూ. 600 నుండి రూ. 5,000కు పెరిగినది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన తేలికపాటి వాహనాలకు దానిని రూ. 10,000గా నిర్ణయించారు. సరకు వాహనానికి మాత్రం ఎనిమిదేళ్ళు దాటిన నాటి నుండి ఏటేటా సామర్థ్య పరీక్ష జరగాలి. ఆలస్యమైతే రోజుకు రూ. 50 అపరాధ రుసుము ఉన్నది. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనాలకు పర్మిట్ అవసరం లేకపోవడం ఒక్కటే చిన్న యజమానికి ఊరట.

ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు వాహనాలపై ఉన్న ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత, అక్కడి వాహనాలు నిరభ్యంతర పత్రంతో ఇతర రాష్ట్రాలకు తరలివచ్చినవి. అటువంటివి మొదట చౌకగా కనబడతాయి. ఇక్కడ చెల్లించవలసిన పన్ను, నమోదు ఖర్చు కలిపి చూచినప్పుడే అసలు ధర తెలుస్తుంది.

కొనుగోలులో చూడవలసినవి

పాత వాహనం విలువ రంగులో కంటె కాగితాలలో ఎక్కువగా ఉంటుంది. ముఖ్యమైనవి:

నమోదు పత్రంలోని ఛాసిస్, ఇంజను సంఖ్యలు వాహనంపై ఉన్న వాటితో సరిపోలాలి.
నమోదు, సామర్థ్య ధ్రువపత్రం గడువులో ఉండాలి.
వాహనంపై అప్పు ఉండి ఉంటే అది తీరినట్లు ఫారం 35 ద్వారా నమోదు కావాలి.
యాజమాన్య మార్పిడికి ఫారం 29, ఫారం 30 సమర్పించాలి. ఇతర రాష్ట్రపు వాహనమైతే ఫారం 28 ద్వారా పొందిన నిరభ్యంతర పత్రం అవసరం.

అమ్మేవారు కూడా ఈ మార్పిడిని నిర్లక్ష్యం చేయరాదు. కాగితాలలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బండి చేతులు మారి ఏళ్ళు గడచిననూ పేరు మారకపోతే, పాత యజమాని ఇంటికే నోటీసు వస్తుంది. బీమా విషయంలో ఐదేళ్ళు దాటిన వాహనపు విలువను బీమా సంస్థ, యజమాని పరస్పరం అంగీకరించి నిర్ణయించుకొంటారు. ముందే అడగకపోతే, లక్షలు పలికే వాహనానికి కూడా పాత ఇనుము స్థాయి విలువే పత్రంలో చేరవచ్చు.

ఇది పెట్టుబడియా?

ధర పెరుగుతున్నది కాబట్టి పాత పికప్ కొని దాచడం లాభమని కొందరు భావిస్తారు. ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. ఒకరు రూ. 2,00,000కు పికప్ కొని, ఏటా రూ. 15,000 చొప్పున నీడకు, బీమాకు, మరమ్మతులకు ఖర్చు చేసి, పదేళ్ళ తరువాత రూ. 4,00,000కు అమ్మినారనుకొందాం. ధర రెట్టింపయినది. కానీ ఖర్చు రూ. 1,50,000 పోగా మిగిలిన లాభం రూ. 50,000 మాత్రమే. అదే రూ. 2,00,000ను 6 శాతం చక్రవడ్డీకి ఉంచితే పదేళ్ళకు దాదాపు రూ. 1,58,000 వడ్డీ వచ్చును. పైగా విరిగిన ఒక విడిభాగం దొరకకపోతే, లేదా నియమం మారితే వచ్చే నష్టం ఈ లెక్కలో చేరలేదు.

సామాజిక ప్రభావం

పాత పికప్ చిరువ్యాపారికి తొలిమెట్టు. కొత్త వాహనానికి వాయిదాలు కట్టలేనివాడు పాత బండి కొని, రోజుకూలి నుండి సొంత కిరాయికి మారేవాడు. ఇప్పుడు మంచి పాత బండి సేకరణకారుని షెడ్డుకు పోతున్నది. చిరువ్యాపారికి మిగిలేది అరిగిన బండి, లేదా అప్పుపై కొత్త బండి. మరొకవైపు, కాలుష్యం, భద్రతల దృష్ట్యా పాత డీజిల్ వాహనాలు రోడ్లపై తగ్గడమే మంచిదన్న వాదన కూడా బలమైనది. వింటేజ్ నియమాలను సరకు వాహనాలకు విస్తరింపజేస్తే ఈ రెండు అవసరాలకూ పొత్తు కుదిరే అవకాశమున్నది. అప్పుడు అరుదైన పికప్‌లు రోజువారీ రవాణా నుండి తప్పుకొని, తుక్కు కాకుండా నిలుస్తాయి.

ఈ ధరల పెరుగుదల వలన లాభపడేది వాహనాన్ని చాలాకాలం నడిపినవారు కాదు, దానిని కాగితాలతో సహా కాపాడినవారు. గడువు తీరిన పత్రం ఒక్కటి చాలు, ముప్పై ఏళ్ళు కాపాడుకొన్న బండిని పాత ఇనుము తూకానికి దించడానికి.