అద్దం మీద పిన్.. అంధుల డబ్బుకు ముప్పు

దుకాణంలో, ఆసుపత్రి కౌంటర్లో, పెట్రోలు బంకులో పనిచేసే వారందరికీ ముందుగా ఒక మాట. చూపులేని ఖాతాదారు కార్డు ఇచ్చినప్పుడు పిన్ నంబరు అడగకండి. వాళ్లే చెప్పబోయినా ఆపండి. ఇంట్లోవాళ్లకూ ఇదే మాట. సాయం చేద్దామనే చాలామంది ఆ నంబరు అడుగుతారు. అయితే ఆ నాలుగు అంకెలు ఇంకొకరి చెవిన పడ్డాక, రేపు ఖాతాలో డబ్బు మాయమైతే బ్యాంకు చేతులు దులుపుకోవడానికి దారి దొరుకుతుంది. చూపులేని వారి చేత పిన్ చెప్పించే మిషన్లు కౌంటర్ల మీదకు వచ్చి చేరుతున్నాయి. ఇప్పుడే ఆపకపోతే తర్వాత ఆపడం కష్టం.

పాత స్వైపింగ్ మిషన్‌కు మీటలు ఉంటాయి. మధ్యలో 5 అంకె మీద చిన్న చుక్క పొడుచుకొని ఉంటుంది. దాన్ని వేలు పట్టుకుంటే మిగతా అంకెలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. ఆకుపచ్చ మీట మీద గుండ్రం, పసుపు మీట మీద నిలువు గీత, ఎర్ర మీట మీద ఇంటూ గుర్తు ఉబ్బెత్తుగా ఉంటాయి. పిన్ కొట్టి, తప్పయితే చెరిపి, ఓకే నొక్కడానికి చూపులేని వారికి అంతకుమించి అక్కర్లేదు. కొత్తగా వస్తున్న ఆండ్రాయిడ్ మిషన్లలో చాలావాటికి ముందు భాగమంతా తెరే. అంకెలు కంటికి కనిపిస్తాయి, వేలికి తగలవు. నున్నటి అద్దం మీద 5 ఎక్కడో, 0 ఎక్కడో ఎవరు చెప్పాలి? వెనక వరుస పెరుగుతుంటుంది. ‘నంబరు చెప్పండి సార్, నేను కొడతా’ అంటాడు కౌంటర్లోని కుర్రాడు. చెప్పాలి, లేదంటే సామాను అక్కడే వదిలి ఇంటికి రావాలి.

ముప్పు పిన్‌తో ఆగదు. మిషన్‌లో ఎంత మొత్తం కొట్టారో కూడా చూపులేని వారికి తెలియదు. కార్డును ఆనించి చెల్లించే పద్ధతిలో 5,000 రూపాయల దాకా పిన్ లేకుండానే డబ్బు పోతుంది. 2021 జనవరి 1న ఆ పరిమితి 2,000 నుంచి 5,000కు పెరిగింది. 450కి బదులు 4,500 కొడితే, అది పొరపాటైనా మోసమైనా, బ్యాంకు మెసేజీ వచ్చి ఫోన్ దాన్ని చదివి వినిపించే దాకా బయటపడదు. డబ్బు అందిందని దుకాణదారుకు బిగ్గరగా చెప్పే సౌండ్‌బాక్సు ఇవాళ టీకొట్టులోనూ ఉంది. ఎంత పోతోందో డబ్బు కట్టేవారికి చెప్పే గొంతు మాత్రం చాలా కార్డు మిషన్లకు పెట్టలేదు.

ఇక నిబంధన చూడండి. ఖాతాదారుకు తెలియకుండా డబ్బు పోతే ఎవరి బాధ్యత ఎంత అన్నదానిపై రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఆదేశాలిచ్చింది. లోపం బ్యాంకుదీ, ఖాతాదారుదీ కాక మరెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేసినవారు పైసా నష్టపోనక్కర్లేదు. మంచి రక్షణే. కానీ ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిందని తేలితే, బ్యాంకుకు తెలియజేసే దాకా జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. ఆ నిర్లక్ష్యానికి ఆదేశాల్లో ఇచ్చిన ఉదాహరణ, చెల్లింపు రహస్యాలను ఇతరులకు చెప్పడం. పిన్ చెబితే తప్ప పని జరగని మిషన్‌ను కౌంటర్ మీద పెట్టించేదీ బ్యాంకే, చెప్పినందుకు తప్పు నీదేననగలిగేదీ బ్యాంకే. చూపులేని ఖాతాదారుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. 2011 జనగణన ప్రకారమే దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. ఇది ఏ ఒకరిద్దరి ఇబ్బందో అనుకుని పక్కన పెట్టేయడానికి వీల్లేదు.

ఆదేశాలు లేక ఇలా జరుగుతోందా అంటే, కావలసినన్ని ఉన్నాయి. చూపు లేదన్న కారణంతో చెక్కుబుక్కు, ఏటీఎం, నెట్ బ్యాంకింగ్, లాకరు, అప్పు, క్రెడిట్ కార్డు వేటినీ నిరాకరించవద్దని రిజర్వు బ్యాంకు 2008 జూన్‌లోనే చెప్పింది. కొత్తగా పెట్టే ఏటీఎంలలో మూడో వంతు మాట్లాడేవి, బ్రెయిలీ మీటలున్నవి ఉండాలని 2009లో అంది. 2014 జులై 1 నుంచి పెట్టే ప్రతి కొత్త ఏటీఎం అలాంటిదే కావాలంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వమైనా ప్రైవేటైనా, సేవలందించేవారు నిబంధనలు వెలువడిన రెండేళ్లలో వాటికి తగ్గట్టు మారాలని అందులో ఉంది. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడ్డాయి. లెక్క వేసుకుంటే ఆ గడువు 2019లోనే తీరిపోయింది.

సుప్రీంకోర్టూ ఊరుకోలేదు. దివ్యాంగుల సౌలభ్యంపై సాగిన రాజీవ్ రాతూరి కేసులో పరిస్థితిని అధ్యయనం చేసి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. 2024 నవంబరు 8న కోర్టు తీర్పు చెబుతూ, ఆ 2017 నిబంధనల్లో ఇష్టముంటే పాటించవచ్చు అన్నట్టున్న నిబంధన చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. దానికి కొద్దిరోజుల ముందే, అక్టోబరు 11న, బ్యాంకులూ చెల్లింపు సంస్థలూ తమ వ్యవస్థలను, పరికరాలను దివ్యాంగుల కోణం నుంచి సమీక్షించుకొని, మార్పులకు గడువులతో కూడిన ప్రణాళికను నెలలోగా పంపాలని రిజర్వు బ్యాంకు కోరింది. ఏ బ్యాంకు ఏ గడువు రాసిందో, ఎంతవరకు వచ్చిందో ఖాతాదారుకు తెలియాలి. ఆ ప్రణాళికలను ప్రతి బ్యాంకూ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ముందు మిషన్లు పంచేసి తర్వాత సరిదిద్దుదామంటే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. అక్కడ కామన్‌వెల్త్ బ్యాంకు ‘ఆల్బర్ట్’ పేరుతో తెర మిషన్లను దుకాణాలకు ఇచ్చింది. మీటలు లేని ఆ మిషన్ల మీద పిన్ కొట్టలేకపోతున్నామని గ్రేమ్ ఇన్నెస్, నాడియా మట్టియాజో కోర్టుకెక్కారు. ఇద్దరూ చూపులేనివారే. ఇన్నెస్ ఆ దేశంలో వైకల్య వివక్షను విచారించే కమిషనర్‌గా పనిచేసిన వ్యక్తి. 2019 జనవరిలో రాజీ కుదిరింది. చూపులేనివారు పడ్డ ఇబ్బందిని బ్యాంకు ఒప్పుకుంది. అప్పటికి ఆ మిషన్లు ఎన్నో కౌంటర్లకు చేరిపోయాయి. అంతటి కమిషనరే కోర్టు మెట్లెక్కాల్సి వస్తే, మన జిల్లాల్లో చిన్న ఉద్యోగం చేసుకునే అంధుడి గతేమిటి?

ఫోన్ వేరే కథ. టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ వంటివి తెర మీదున్నది చదివి వినిపించడం వల్ల, ఎవరి చేతికీ కార్డు ఇవ్వకుండా సొంతంగా డబ్బు పంపే స్వేచ్ఛ చూపులేని వారికి యూపీఐతో వచ్చింది. ఆ స్వేచ్ఛను ఒక్క అప్‌డేట్ మింగేయగలదు. గుర్తుల కింద పేర్లు రాయకుండా వదిలేస్తే, ఏది ‘పంపు’ అనో, ఏది ‘రద్దు’ అనో చెప్పకుండా ఫోన్ ప్రతి దానికీ ‘బటన్’ అనే అంటుంది. బొమ్మలోని అక్షరాలు టైపు చేయమనే క్యాప్చా, వినేలోపే గడువు తీరే ఓటీపీ, కళ్లార్పి చూపమనే కేవైసీ, అన్నీ చూపున్న వారి కోసం చేసినవే. ఆ కళ్లార్పే పరీక్ష మీదే యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న కోర్టు తేల్చింది. కేవైసీని అందరికీ వీలయ్యేలా మార్చమంటూ 20 ఆదేశాలిచ్చింది. వాటిని అమలు చేయని ఆప్ చట్టాన్ని దాటుతున్నట్టే.

కార్డు సంగతీ చెప్పుకోవాలి. ఒకప్పుడు కార్డు మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉండేవి, తడిమితే ఏ వైపు ఏదో తెలిసేది. ఇప్పుడు చాలా కార్డులు చదునైపోయాయి. పర్సులో ఉన్న మూడింటిలో డెబిట్ ఏదో, క్రెడిట్ ఏదో వేలికి తెలియదు. దీనికి పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. 2021లో మాస్టర్‌కార్డ్ ఒక పద్ధతి తెచ్చింది. కార్డు అంచున క్రెడిట్‌కు చతురస్రంగా, డెబిట్‌కు గుండ్రంగా, ప్రీపెయిడ్‌కు త్రికోణంగా చిన్న గాటు పెడతారు. వేలు పెడితే కార్డు ఏదో, ఎటు నుంచి దూర్చాలో తెలిసిపోతుంది. మన బ్యాంకులు అడిగినవారికి కాదు, అందరికీ ఇలాంటి కార్డే ఇవ్వాలి. చూపున్నవారికి ఆ గాటు వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు.

మిషన్లు మారే దాకా ఎవరి జాగ్రత్త వారు పడాలి. దుకాణదారులారా, మీటలున్న మిషన్ ఒక్కటైనా అందుబాటులో ఉంచుకోండి. మొత్తం ఎంతో ముందు గట్టిగా చెప్పండి, ఆ తర్వాతే కార్డు ఆనించనివ్వండి, రసీదు చదివి వినిపించండి. కొత్త మిషన్ ఇవ్వడానికి బ్యాంకు మనిషి వస్తే, చూపులేనివారు దీని మీద పిన్ ఎలా కొడతారో చేసి చూపమని అడగండి.

చూపులేని మిత్రులారా, కార్డుతో ఆనించి చెల్లించే సదుపాయం మీకు అక్కర్లేకపోతే బ్యాంకు ఆప్‌లో ఆపేయండి, లేదా పరిమితి తగ్గించుకోండి. ఫోన్‌తో చెల్లించేటప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేకుంటే కొన్ని ఆప్‌లలో వేలి కింది అంకెను ఫోన్ పైకే చదివేస్తుంది. పేరు పూర్తిగా విన్నాకే డబ్బు పంపండి, క్యూఆర్ స్టిక్కర్ మార్చి చేసే మోసం అక్కడే దొరికిపోతుంది. 2025 అక్టోబరు నుంచి యూపీఐలో పిన్‌కు బదులు వేలిముద్ర వాడే వీలు వచ్చింది, మీ ఆప్‌లో ఉంటే వాడుకోండి. గత్యంతరం లేక పిన్ చెప్పాల్సి వస్తే, అదే రోజు మార్చేయండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి, దానికి ఫీజు లేదు.

కుటుంబ సభ్యులూ ఒకటి గుర్తుంచుకోవాలి. తన డబ్బు మీద పెత్తనం దివ్యాంగుడిదేనని 2016 చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. ఏదైనా లావాదేవీలో సాయం చేసేవారి స్వార్థం అడ్డొస్తే, ఆ లావాదేవీ నుంచి వారు తప్పుకోవాలనీ అదే సెక్షన్ అంటోంది. అన్నయ్యయినా అల్లుడైనా సరే, కార్డూ పిన్నూ కలిపి తన దగ్గర పెట్టుకోవడం సాయం అనిపించుకోదు.

రిజర్వు బ్యాంకు చేయాల్సినవి రెండున్నాయి, రెండూ ఆలస్యానికి తావులేనివే. తాకి గుర్తించే మీటలు గానీ, మాటతో నడిపించి పిన్ కొట్టించే ఏర్పాటు గానీ లేని మిషన్‌ను ఇకపై ఏ బ్యాంకూ కొనకుండా నిషేధించాలి. ఈ నెల టెండరులో కొన్న మిషన్ ఎన్నో ఏళ్లు కౌంటర్ మీద కూర్చుంటుంది కాబట్టి ప్రతి నెల ఆలస్యానికీ మూల్యం ఉంది. రెండోది, 2017 ఆదేశాలకు ఒక్క వాక్యం చేర్చాలి. మిషన్ లోపం వల్ల పిన్ చెప్పాల్సి వచ్చిన ఖాతాదారుది నిర్లక్ష్యం కాదు, ఆ నష్టం మిషన్ పెట్టిన బ్యాంకుదే అని. నష్టం తమ ఖాతాలో పడుతుందని తెలిసిన రోజున మీటలున్న మిషన్లు వెతుక్కోవడానికి బ్యాంకులకు ఇంకో సర్క్యులర్ అవసరం ఉండదు.