వీఆర్ కొనాలా? స్పెక్స్ తర్వాత, ముందు ఒకసారి పెట్టుకుని ఆడండి

ఫోన్ కొనేటప్పుడు మనం చిప్‌సెట్, కెమెరా, బ్యాటరీ చూసి డిసైడ్ అయిపోతాం. వీఆర్ హెడ్‌సెట్‌కు ఆ లెక్క సరిపోదు. సుబేదారిలో ఫ్రెండ్ వాళ్ళింట్లో మెటా క్వెస్ట్ 3ఎస్ పెట్టుకుని మొదటిసారి వీఆర్ గేమ్ ఆడాక నా అభిప్రాయం ఇదే: ట్రై చేయకుండా దీన్ని ఎవరూ కొనొద్దు.

ముందు బాగున్న సంగతి చెప్తా. ఆడింది బీట్ సేబర్. 2018లో వచ్చిన గేమ్ ఇది. పాట బీట్‌కు తగ్గట్టు ఎరుపు, నీలం క్యూబ్‌లు మన మీదకు వస్తుంటాయి. ఎడమ చేతిలో ఎర్ర కత్తి, కుడి చేతిలో నీలం కత్తి. బాణం గుర్తు ఎటు ఉంటే అటు నరకాలి. రూల్స్ అంతే! రెండో పాటకే చెమటలు పట్టాయి. వాళ్ళమ్మ వచ్చి "ఏందిరా, వాడు గాలిల చేతులు ఊపుతాండు?" అని నవ్వింది. నాకేమో ఆ హాల్ గుర్తే లేదు.

కాలేజీలో గూగుల్ కార్డ్‌బోర్డ్ వాడినవాళ్ళు "వీఆర్ చూశాంలే" అంటారు. అది వేరు, ఇది వేరు. ఫోన్ పెట్టే ఆ డబ్బాకు తల తిప్పడం మాత్రమే తెలుస్తుంది. క్వెస్ట్ కెమెరాలతో గదిని చూస్తూ మీరు వేసే అడుగును, వంగడాన్ని కూడా లెక్కేస్తుంది.

ఇక అసలు విషయం. ఆ తర్వాత స్టిక్‌తో నడిచే ఇంకో గేమ్ పెట్టా. పది నిమిషాల్లో కడుపులో తిప్పేసింది. కళ్ళేమో నడుస్తున్నాం అంటాయి, లోపలి చెవి నిలబడే ఉన్నాం అంటుంది. ఈ తేడాకే తల తిరుగుతుంది. అదే బీట్ సేబర్‌లో నిలబడ్డ చోటే ఉంటాం కాబట్టి ఇబ్బంది రాలేదు. కొందరికి స్టిక్ గేమ్‌లు కూడా ఏమీ కావు. మీరు ఏ టైపో ఏ యూట్యూబ్ రివ్యూ చెప్పలేదు.

మిగతావీ అంతే. బరువు 514 గ్రాములు. కాగితం మీద ఓకే, ముఖం మీద అరగంట ఉంటే తెలుస్తుంది. లెన్స్‌ల మధ్య దూరానికి మూడే సెట్టింగ్‌లు: 58, 63, 68 మిల్లీమీటర్లు. మీ కళ్ళకు కుదరకపోతే బొమ్మ మసకే. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. నడుస్తూ ఆడాలంటే సుమారు 2 మీటర్లు పొడవు, 2 మీటర్లు వెడల్పు ఖాళీ జాగా కావాలి. సోఫా, టీపాయ్, మంచం ఉన్న మన ఇళ్ళల్లో అది చిన్న సంగతి కాదు. గోడ దగ్గరకెళ్తే హెడ్‌సెట్ గీతలు చూపించి ఆపుతుంది. పైన తిరిగే ఫ్యాన్ సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.

అమెరికాలో లాంచ్ ధరే 299 డాలర్లు. ఫస్ట్ జీతం పెట్టి కొని, వారానికే అల్మారాలో పెట్టేస్తే ఎవరికి నష్టం? ఫోన్‌లకు షోరూమ్‌లో డెమో పీస్ పెట్టే కంపెనీలు వీఆర్‌కూ అలాగే, హైదరాబాద్‌తో ఆగకుండా హనుమకొండ లాంటి ఊళ్ళల్లోనూ పెట్టాలి. కాలేజీ టెక్‌ఫెస్ట్‌లలో ఒక స్టాల్ వేసినా చాలు.

అప్పటిదాకా ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి రెండు రకాల గేమ్‌లు ఆడండి: నిలబడి ఆడేది ఒకటి, స్టిక్‌తో నడిచేది ఒకటి. రెండూ ఓకే అయితేనే కార్ట్‌లో వేయండి. నేనైతే బీట్ సేబర్ కోసం మళ్ళీ వెళ్తా, కొనడం మాత్రం ఇప్పుడే కాదు.