సోపతిగాడు పనికిరాడా?

ఈమధ్య ఓ కథల పోటీలో చివరి వడపోత దాకా వచ్చిన కథ అక్కడ ఆగిపోయింది. 'సోపతిగాడు' అడుగడుగునా తగులుతోందట. 'స్నేహితుడు' అని మారిస్తే చూస్తామన్నారు. రచయిత మార్చలేదు. మంచిపని చేశాడు.

సోపతి ఉర్దూ 'సొహబత్' కదా అన్నది పెద్దల అభ్యంతరం. మరి మిత్రుడు, స్నేహితుడు ఎక్కణ్నుంచి దిగారు? సంస్కృతం నుంచి వచ్చినవాడికి పీట, అరబ్బీ ఫారసీల దారిన వచ్చినవాడికి అరుగా? ఫారసీలో జిగర్ అంటే కాలేయం. అందులోంచి పుట్టిన 'జిగ్రీ' నల్లగొండ పల్లెలో బడి మొహం చూడని ముసలాయన నోటా పలుకుతుంది. పోనీ, 'సంగడీడు' ఉన్నాడు. ఆయన్నీ మీరు పిలవరు.

ఓసారి దిల్‌సుఖ్‌నగర్ రండి. ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేటకు 2018లోనే మెట్రో పడింది గానీ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ బస్సులు దిగిన పిల్లలు చాలామంది ఇప్పటికీ సంచులతో ఈ చుట్టుపక్కలే ఆగుతారు. రాత్రి చైతన్యపురి టిఫిన్ బండి దగ్గర గోదావరి కుర్రాడు 'బావా' అంటాడు, గుంటూరువాడు 'మావా', వరంగల్‌వాడు 'కాకా', విశాఖవాడు 'గురూ'. నెల తిరిగేసరికి ఎవడి మాట ఎవడిదో తెలియదు. అమ్మాయిలూ ఒకరినొకరు 'మామా', 'ఏంరా' అనుకుంటున్నారు. పెద్దలకు దీనిమీదా ఓ నిట్టూర్పు ఉంటుంది లెండి.

ఈ పిలుపులన్నీ అమాయకమైనవని మేమనం. మామ, బావ పిల్లనిచ్చి పుచ్చుకునే వరసలు. ఒకే గదిలో, ఒకే కుక్కర్‌లో వండుకుని మూడేళ్లు 'బావా' అనిపించుకున్నవాడు నిజంగా చెల్లెల్ని అడిగితే, ఆ పూటే కులం గుర్తొస్తుంది. ఇలాంటి కథ 'మిత్రమా' అనే మాటతో రాయగలరా? అందరికీ అర్థం కావాలన్న వాదన ఉంది. 'మిత్రమా' అని హాస్టల్లో పిలిచి చూడండి, ఎంతమందికి అర్థమవుతుందో.

మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయంతో మొదలైంది. సాగు పనిముట్లకు ఊరూరా ఉన్న పేర్లు ఏరారు. స్నేహం వృత్తి కాదు గనుక దానికా భాగ్యం లేకపోయింది.

ఆ కథను మేం అడిగి తెచ్చుకున్నాం. వచ్చే సంచికలో వేస్తున్నాం. దిద్దలేదు, అడుగున అర్థాలూ ఇవ్వడం లేదు.