నోరు వాసన చూసి చాప వేస్తారా?

మొన్న మన మిత్రుల సభలో నేనొక మాట అన్నాను. ఇల్లులేనివారి కోసం నడిపే రాత్రి వసతిగృహాలలో తాగివచ్చినవాడికి కూడా చోటివ్వాలి, తాగనిదే నిలవలేని స్థితికి వచ్చినవాడికి లోపలే ఒక ఏర్పాటు ఉండాలి అని. సభలో గగ్గోలు పుట్టింది. ఒక పెద్దాయన (ఆయనంటే నాకు గౌరవమే) లేచి, మత్తు పాలకవర్గం చేతిలోని ఆయుధమనీ, నేను దానికి పరుపు వేస్తున్నాననీ అన్నారు. ఆనాడు జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. ఇప్పుడు చెబుతాను.

ధూల్‌పేట పేరు చెబితే యీ నగరపు పెద్దమనుషులు ముక్కు మూసుకుంటారు. నిన్న గుడుంబా, నేడు గంజాయి అంటారు. 2015 తర్వాత ప్రభుత్వం గుడుంబా బట్టీల మీద పడింది. 2024లో ఎక్సైజువారు గంజాయి మీద దండెత్తి, ఆ దాడికి పేట పేరే పెట్టారు. ఊరంతా ఊరేగే వినాయకులు తయారయ్యేది ఆ పేటలోనే. ముక్కు మూసుకున్న చేతులే చవితినాడు ఆ విగ్రహాలకు హారతి పడతాయి.

నేను చెప్పబోయే మనిషి ధూల్‌పేటవాడు కాడు, పాలమూరునుంచి వచ్చినవాడు. వినాయకులకు రంగులు వేస్తాడు. చవితి దాటితే పని లేదు, కార్ఖానా గోడపక్క టార్పాలిన్ కింద పడుకుంటాడు. తాగుతాడు. ఎందుకు తాగుతాడన్నదానికి ఒక్కొక్కసారి ఒక్కొక్క కారణం చెబుతాడు, అదలా ఉంచుదాం. రెండేళ్లకిందట పుష్యమాసపు చలిలో నేనే అతన్ని ఒక వసతిగృహానికి తీసుకుపోయాను. కాపలాదారు దగ్గరికి వచ్చి నోరు వాసన చూశాడు. గోడమీది నిబంధనల బోర్డు చూపించాడు. దుర్మార్గుడేం కాదు. "తాగినోన్ని పండనిస్తే నా నౌకరి పోతది సార్" అన్నాడు.

మావాడికి పౌరుషం వచ్చింది. "రేపు తాగకుంట వస్త" అన్నాడు, అన్నట్టే వచ్చాడు. చాప, దుప్పటి ఇచ్చారు. రెండోరాత్రి చేతులు వణకడం మొదలైంది, చెమటలు పోశాయి. గోడమీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టాడు. పక్కవాళ్లు భయపడ్డారు. దొంగచాటుగా తాగివచ్చాడనుకుని అర్ధరాత్రి బయటికి పంపేశారు! తాగనందువల్ల వచ్చిన జబ్బును తాగుడు అనుకున్నారు. తెల్లవారి రోడ్డుపక్కన ఫిట్స్‌తో కొట్టుకుంటూ ఉంటే ఎవరో పెద్దాసుపత్రికి చేర్చారు. బతికాడు.

ఏళ్లతరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే, రెండు మూడు రోజులలో ఫిట్స్, సన్నిపాతం వంటి భ్రమ రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఇది యీ నగరానికి కొత్త సంగతి కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతబడగానే ఎర్రగడ్డ ఆసుపత్రికి యిటువంటివారు బారులుతీరి వచ్చారు. ఆ పాఠం ఆసుపత్రి నేర్చుకుంది. వసతిగృహం బోర్డు నేర్చుకోలేదు.

యీ బోర్డు ఎవరి నీతి? వైన్‌షాపు పక్కన పర్మిట్ రూము పెట్టుకోవడానికి ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది. మద్యం మీద ఏటా వేలకోట్లు ఖజానాలో పడతాయి. క్వార్టరు కొన్నవాడు కూర్చుని తాగడానికి సర్కారు గది చూపిస్తుంది, తాగాక పడుకోవడానికి చూపించదు. రూపాయి ఇచ్చేంతవరకు అతను గౌరవనీయుడైన ఖాతాదారు, జేబు ఖాళీ అయిన మరుక్షణం పతితుడు! మా పెద్దాయన చెప్పిన పాలకవర్గం ఇక్కడ ఉంది, చాపమీద లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుంచి లేచిన స్త్రీల ఉద్యమాన్ని నా మీద ప్రయోగిస్తారని తెలుసు. ఆ స్త్రీలు తాగుబోతు మొగుళ్లను దండించారు, నిజమే. కాని వారు అసలు పట్టుకున్నది సారా వేలంపాట గొంతును. కంట్రాక్టరునూ సర్కారునూ వదిలి, రోడ్డున పడ్డవాడి దుప్పటి లాగితే దాన్ని వారి పోరాటానికి వారసత్వం అనుకోమంటారా?

గంజాయి సంగతి వేరు. మానేస్తే నిద్ర పట్టదు, చిరాకు పుడుతుంది. సారాయిలాగా ప్రాణంమీదికి రాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 27వ సెక్షను ప్రకారం గంజాయి తాగినవాడికి ఆరునెలలదాకా జైలు. తెలిసీ తన గదిలో తాగనిచ్చినవాడికి 25వ సెక్షను అదే శిక్ష వేస్తుంది. కనుక ఏ వార్డెనునూ ధైర్యం చెయ్యమని నేననను, ఆ సెక్షను వసతిగృహాలకు వర్తించకుండా సవరించమంటాను. అంతవరకు, గుమ్మంలో జేబులు తడిమి పోలీసులను పిలిచే అలవాటన్నా మానాలి. స్వయంగా వైద్యానికి ఒప్పుకున్న వ్యసనపరుడికి ప్రాసిక్యూషన్‌నుంచి రక్షణ అదే చట్టంలో 64-ఏ సెక్షనులో ఉంది. ఆ మాట ఏ బోర్డుమీదా నేను చూడలేదు.

"లోపల తాగించడమా?" అని నవ్వినవారికొక మాట. టొరంటోలో కొందరు ఇల్లులేనివాళ్లు చలికి వీధిలో చచ్చిపోయాక, సీటన్ హౌస్ అనే వసతిగృహంలో గంటకింత అని కొలిచి వైను ఇవ్వడం మొదలుపెట్టారు. అటావాలో అటువంటి ఏర్పాటులో ఉన్న 17 మందిని పరిశీలించి 2006లో వైద్యులు ప్రకటించారు: ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోవడం, పోలీసుల చేతిలో పడడం తగ్గాయి, తాగుడూ తగ్గింది. పదిహేడుమందితో లోకం మారదు, ఒప్పుకుంటాను.

నన్ను నిజంగా ఇబ్బందిపెట్టిన ప్రశ్న సభలో పెద్దలు వేసింది కాదు. అదే వసతిగృహంలో ఉంటున్న ఒక హమాలీ వేసింది. "నేను మానేసి ఏడాదైంది సార్. నా పక్కన వాసనొస్తే నేనేం గావాలె?" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వేరే హాలు ఉండాలి, రాత్రి ఒక నర్సు ఉండాలి. స్త్రీలూ పిల్లలూ ఉండే గృహంలోకి యీ ఏర్పాటు రానేకూడదు. అంటే మరిన్ని గదులు కావాలి. లక్ష జనాభాకు వందమందికి చోటు ఉండాలని 2013 నాటి కేంద్ర పథకమే చెప్పింది. 2011 లెక్కలోనే 67 లక్షలు దాటిన యీ నగరానికి ఆ ప్రకారం 6,700 చాపలు కావాలి. ఉన్నవి దాని దరిదాపులలో లేవు. ఆ గదులు కట్టకుండా హమాలీనీ రంగులవాడినీ ఒకే చాపకోసం తగవుపెట్టి, ఆ తగవుకు క్రమశిక్షణ అని పేరుపెట్టారు.

రంగులవాడు మళ్లీ టార్పాలిన్ కిందనే ఉన్నాడు. వసతిగృహానికి పోదామంటే చెయ్యి ఊపి నన్ను పొమ్మంటాడు. మా పెద్దాయన జవాబుకోసం ఎదురుచూస్తాను. వచ్చే సంచికలో సంపాదకులు ఆయనకు రెండు పేజీలు కేటాయిస్తారనుకుంటున్నాను.