మన ఆకలి వాళ్ల రీల్ కాదు



మాది పుంగనూరు దగ్గర తండా. మదనపల్లెలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. తప్పులుంటే మన్నించండి, కానీ ఇది చెప్పకుండా ఉండలేను.

పోయిన నెల మా రూమ్మేట్, కుప్పం వైపు పిల్లోడు, ఒక హోటల్లో "బాహుబలి బిర్యానీ" పందేనికి పోయినాడు. నలుగురు తినే పళ్లెం ఒక్కడే అరగంటలో ఖాళీ చేస్తే బిల్లు లేదు, పైగా 5 వేలు ఇస్తారంట. చేయలేకపోతే 1,200 కట్టాల. పొద్దున్నుంచి కడుపు మాడ్చుకుని పోయినాడు. ఇరవై నిమిషాలకు చెమటలు, తర్వాత వాంతులు. రాత్రికి ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించినారు. ఆ 1,200 వాళ్ల యాడి టమోటా కోతకు కూలికి పోయి పంపిన డబ్బు. హోటల్ వాళ్లు మాత్రం వీడియో అప్పటికే పెట్టేసినారు. దాని కింద ఎవడో రాసినాడు: "ఫ్రీ అంటే ఫినాయిల్ అయినా తాగుతారు." మావాడు రెండు రోజులు మెస్‌కే రాలేదు.

ప్రకటన తీయాలంటే నటించేవాడికి డబ్బులివ్వాల. ఇక్కడ నటించినోడే బిల్లు కట్టినాడు. ఇదీ వ్యాపారం.

కడుపు నిండిందనే కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. గడియారం పెట్టి తినమనడం అంటే ఆ కబురు అందకముందే కుక్కుకోమనడమే. ఆ తొందరలో ముద్ద గొంతులో పడితే ఊపిరే ఆగుతుంది. 2024 ఓణం పండగకు కేరళలో పాలక్కాడ్ జిల్లా వాళయార్ దగ్గర ఇడ్లీల పోటీలో 49 ఏళ్ల లారీ డ్రైవర్ అట్లే చనిపోయినాడు. మెత్తటి ఇడ్లీకే ప్రాణం పోయింది.

నలుగురి పళ్లెం అంటే నలుగురి నూనె, నలుగురి ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

"ఒక్క రోజుకు ఏమవుతుందిలే" అంటారు. ఒక్క రోజుతో ఆగేటట్టయితే అన్ని రీల్స్ ఎందుకు వస్తాయి? మనలాంటోళ్లకు ఇంకో ముప్పు కూడా ఉంది. తక్కువ బరువుతో పుట్టి, చిన్నప్పుడు అరకొర తిండితో పెరిగినోళ్లకు పెద్దయ్యాక గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువని ఇంగ్లండ్ డాక్టర్ డేవిడ్ బార్కర్ 1980లలోనే చూపించినాడు. షుగర్ సంగతీ అంతే అని తర్వాత తేలింది. అట్లాంటి ఒంట్లో ఇంత కొవ్వు కుక్కితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

"ఆకలైనోడికి ఫ్రీగా పెడితే తప్పేంది?" అని అడుగుతారు. పెట్టడం తప్పు కాదు. మా తండాలో పెళ్లయితే ఎవరొచ్చినా కూర్చోబెట్టి పెడతారు. ఎదురుగా గడియారం పెట్టరు, ఓడిపోతే డబ్బులు అడగరు, కక్కుకుంటే వీడియో తీయరు. పెట్టడానికీ పందేనికీ అదే తేడా.

పెద్దదైతేనే గొప్ప అనుకునేవాళ్లు మా పుంగనూరు ఆవును చూడాల. ఎత్తు సుమారు మూడడుగులు. పాలల్లో వెన్న మాత్రం మామూలు ఆవు కంటే ఎక్కువ. గొప్పతనం సైజులో లేదు.

చైనా 2021లో ఆహార వృథాను ఆపే చట్టం చేసి, అతిగా తినే వీడియోల ప్రసారాన్ని నిషేధించింది. మన దగ్గర చట్టం వచ్చేదాకా కాచుకుని కూర్చోవద్దు. ఆ పందేలకు పోవద్దు, ఆ రీల్స్ పంపొద్దు, ఫ్రెండును రెచ్చగొట్టొద్దు. మీకు నిజంగా ఆకలైతే, మెస్‌లో గుడ్డు తగ్గిందని, కూర నీళ్లయిందని అందరం కలిసి వార్డెన్‌ను అడుగుదాం. అది అడుక్కోవడం కాదు, మన హక్కు.

మావాడు ఇప్పుడు బాగున్నాడు. నిన్న రాత్రి పక్కన కూర్చుని రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిన్నాడు. ఎవరూ టైం చూడలేదు.