బొమ్మలో చేతికర్ర
గాంధీ బొమ్మ గీయమంటే తిరువూరులో ఏ బడిపిల్లాడైనా ముందు గుండ్రటి కళ్లద్దాలు గీస్తాడు, ఆ తర్వాత చేతికర్ర. ముఖం కుదరకపోయినా మార్కులు పడిపోతాయి. ఆ కర్రకు చిత్రకళలో అంత బలమిచ్చినవాడు నందలాల్ బోస్. 1930లో దండి యాత్ర మీద ఆయన చేసిన లినోకట్‌లో నల్లటి నేపథ్యం, తెల్లటి గీతలు, నడుస్తున్న మనిషి, చేతిలో కర్ర, అంతే. ఆ కర్ర తీసేసి చూడండి, సత్యాగ్రహం కాస్తా సాయంత్రం షికారైపోతుంది. అంబేడ్కర్ విగ్రహాల్లో ఎడమచేతిలోని పుస్తకం సంగతీ అంతే. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గమైన తిరువూరులో దాన్ని అలంకారమని ఎవరనుకుంటారు? చదువు దరిదాపులకు రానివ్వని కులంలో పుట్టినవాడి చేతిలో రాజ్యాంగం అది. నీలం కోటూ, జేబులో కలమూ ఆ మాటనే ఇంకాస్త గట్టిగా చెబుతాయి. మన ఇంటి గోడల మీది బొమ్మల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ తెలివి ఏమవుతుందో! పాత ఫొటో ఇచ్చి పెన్సిల్ బొమ్మ వేయిస్తాం. బతుకంతా మామిడితోటలో గడిపిన తాతకు ఎన్నడూ తొడగని కోటు తొడిగిస్తాం, పక్కన పూలకుండీ పెట్టిస్తాం. చిక్కం కట్టిన గెడ పట్టాల్సిన చెయ్యి ఖాళీ. ఇది మర్యాద కాదు, ఆయన పనిని దాచేయడం. చిత్రకారుడు తోట వైకుంఠం తన బొమ్మల్లోని తెలంగాణ ఆడవాళ్లకు పెద్ద బొట్టు, ముక్కుపుడక, చీర అంచు ఏదీ తగ్గించలేదు. వాళ్లెవరో చెప్పడానికి పేర్లు అక్కర్లేకపోయింది. డ్రాయింగ్ మాస్టార్లూ, ఈసారి అమ్మమ్మ బొమ్మ వేయమన్నప్పుడు, ఆమె చేతిలో రోజూ ఉండేదేమిటో ముందు చూసి రమ్మని పిల్లలకు చెప్పండి.