మన హాలు వైఫైకి తాళం ఉంది, తాళం చెవి గోడకు అంటించాం



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో హాలు వైఫై సంగతి నేను ఎత్తగానే కోశాధికారి గారు నవ్వి, "మన దగ్గర దోచుకోవడానికి ఏముంది సార్?" అన్నారు. అప్పటికే కాఫీ వచ్చేసింది, మాట అక్కడే ఆగింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైతే మన్నించండి.

ముందు మా ఇంటి సంగతి. వైఫై పాస్‌వర్డ్ నేనే గట్టిగా పెట్టుకున్నానని మూడేళ్లుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. సెలవులకు వచ్చిన మనవడు నా ఫోనులో 192.168.1.1 అని కొట్టాడు. యూజర్‌నేమ్ అడిగింది, అడ్మిన్ అని కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగింది, మళ్లీ అడ్మిన్ అనే కొట్టాడు. తెరుచుకుంది! లైను వేసిన అబ్బాయి ఫ్యాక్టరీ నుంచి వచ్చినదాన్ని అలాగే వదిలి వెళ్లాడు. నేను మార్చింది వీధి తలుపు తాళం మాత్రమే, లోపలి బీరువా తాళం ఎవరూ ముట్టలేదు. అందులోనే కనెక్ట్ అయి ఉన్నవాటి జాబితా కనిపించింది. మొత్తం 11. మా ఇంట్లో ఉన్నవి 4 ఫోన్లు, ఒక టీవీ. రెండు పక్కింటి పిల్లలవని తేలింది. మిగతా నాలుగూ ఎవరివో ఇవాళ్టికీ తెలియదు.

ఇక మన హాలు. వైఫై పాస్‌వర్డ్ కాగితం వంటింటి గోడకు అంటించి ఉంది. ముహూర్తాల రోజుల్లో పెళ్లివాళ్లు, వంటవాళ్లు, ఫోటోగ్రాఫర్లు, పూలవాళ్లు అందరూ దాన్ని చూసే కొట్టుకుంటారు. పెళ్లయి వెళ్లిపోతారు, పాస్‌వర్డ్ వాళ్ల ఫోన్లలో ఉండిపోతుంది. అదే రౌటర్ మీద ఆఫీసు కంప్యూటర్ ఉంది, సీసీటీవీ ఉంది. ఆ కంప్యూటర్‌లో మన సభ్యుల జాబితా, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు చేసిన పిల్లల ఆధార్ కాపీలు, వాళ్ల బ్యాంకు పాస్‌బుక్ కాపీలు ఉన్నాయి. ఏముంది అంటే ఇదీ ఉన్నది. మనల్ని నమ్మి ఇచ్చిన కాగితాలు అవి.

రౌటర్ లోపలికి వెళ్లినవాడు ఏం చేయగలడు? నాకు అర్థమైన విధంగా చెబుతాను. డిఎన్ఎస్ అని ఒకటుంది. మన స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్ లాంటిది. మనం బ్యాంకు పేరు కొడితే ఏ అంకెల చిరునామాకు పోవాలో అది చెబుతుంది. ఆ కౌంటర్‌లో వాడు తన మనిషిని కూర్చోబెడితే మనల్ని దొంగ సైటుకు పంపుతాడు. బ్రౌజర్ ఎర్ర అక్షరాల్లో హెచ్చరిస్తుంది, నిజమే. కాని మనలో ఎంతమంది అది చదివి ఆగుతారు?

2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులే జాబితాగా పెట్టుకొని లక్షల కెమెరాలను, రౌటర్లను లోబరచుకుంది. సొంతదారులకు ఆ సంగతే తెలియదు. ఇంకొకటి మన పక్కనే జరిగింది. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబయిలో ఒక అమెరికా దేశస్థుడి ఇంటి వైఫై నుంచి వెళ్లింది. దానికి తాళమే లేదు. పంపింది ఎవరో అయినా పోలీసులు ముందు వెళ్లింది ఆ ఇంటికే. మన కనెక్షన్ సంఘం పేరు మీద ఉంది. వాళ్లు వస్తే సెక్రటరీ గారినే అడుగుతారు.

నేను కోరేది పెద్ద ఖర్చు కాదు, ఒక గంట పని. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి, అది వైఫై పాస్‌వర్డులా ఉండకూడదు. అతిథులకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టాలి, దాని పాస్‌వర్డ్ ప్రతి పెళ్లికీ మార్చి ఇవ్వాలి. ఆఫీసు, కెమెరాలు వేరే పేరు మీద, డబ్ల్యూపిఎ2 గాని డబ్ల్యూపిఎ3 గాని పెట్టి ఉండాలి. డబ్ల్యూపిఎస్, రిమోట్ మేనేజ్‌మెంట్ అనే రెండూ ఆఫ్ చేయాలి. మెనూ అంతా ఇంగ్లీషే. తమిళ మీడియంలో చదివిన నేనే చేసుకున్నాను, భయపడక్కరలేదు.

ఒక్క జాగ్రత్త. పాస్‌వర్డ్ మరచిపోయారని వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయకండి. ఆపరేటర్ ఇచ్చిన యూజర్‌నేమ్ కూడా చెరిగిపోయి నెట్టే రాకుండా పోవచ్చు. నేను ఆ తప్పు చేసి రెండు రోజులు కూర్చున్నాను.

కొత్త పాస్‌వర్డ్ ఒక్కరి తలలో ఉంచకూడదు, గోడ మీదా ఉండకూడదు. బుకింగ్ కౌంటర్‌లో షిఫ్ట్ మారేటప్పుడు నగదు, టికెట్ నంబర్లు రాసి సంతకం పెట్టి అప్పగించేవాళ్లం. అలాగే కవరులో పెట్టి, సీలు వేసి, సంఘం బీరువాలో ఉంచి, సెక్రటరీ మారినప్పుడు సంతకంతో అప్పగించాలి. కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లే ఉండాలని లేదు, రిజిస్టరు రాయడం తెలిస్తే చాలు.

వచ్చే ఆదివారం పది గంటలకు ల్యాప్‌టాప్ తీసుకొని హాలుకు వస్తాను. ఆపరేటర్ ఇచ్చిన యూజర్‌నేమ్ కాగితం ఎవరి దగ్గర ఉందో దయచేసి ఈలోగా కింద చెప్పండి.